బెల్టు ఆగిన ఎండాకాలం

మా ఆవిడ ఎర్ర మీట నొక్కిన పూట నేను ఒక లావుపాటాయన కోటుకు చేతులు అతుకుతున్నాను. కుడిచెయ్యి బుద్ధిగా కుదిరింది. ఎడమచెయ్యి పేచీ పెడుతోంది. ఉన్నట్టుండి ఏదో తేడాగా అనిపించి పెడల్ మీద కాలు ఆపాను. మిషనుకేమైనా అయిందేమోనని వంగి చూశాను. మిషను బాగానే ఉంది. ఆగిపోయింది మా వీధి చివరి సీసాల ఫ్యాక్టరీ హోరు. పగలనక రాత్రనక మా చెవుల్లో ఉండే ఆ హోరు అసలు వినపడుతోందన్న సంగతి, అది ఆగితే గాని మాకు తెలియలేదు.

"అల్లుడూ, నాకేమన్నా చెవుడొచ్చిందా?" అంది వెనక గదిలోంచి మా అత్త.

"వస్తే ఇద్దరికీ ఒకేసారి వచ్చిందత్తా."

కాసేపటికి హోరు మళ్ళీ మొదలైంది. ఇంకాసేపటికి మా ఆవిడ, షిఫ్టు దిగే వేళ కాకుండానే, గుమ్మంలో నిలబడింది. మా ఇంట్లో ముందు గది దుకాణం, వెనక గది సంసారం. ఆమె వెనక్కి పోకుండా, కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళ కోసం వేసిన స్టూలు మీద కూలబడి, చెంబెడు నీళ్ళూ గటగటా తాగేసింది.

"పొడుగక్క పడిపోయింది" అంది.

మా ఆవిడ పని సీసాలు చూడడం. వెనకనుంచి తెల్లటి దీపం వెలిగే తెర ఒకటి ఉంటుంది. దాని ముందు బెల్టు మీద సీసాలు వరసగా పోతుంటాయి. పగులున్నవీ, లోపల బుడగున్నవీ కంటితో పట్టి పక్కకు తీసేయాలి. పక్క సీటు పొడుగక్కది. ఆమె అసలు పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. మేనేజరు కూడా పొడుగక్క అనే పిలిచేవాడు. ఆ హాలుకి ఒక పక్క కొలిమి. పైన రేకులు. పైగా ఆ ఏడు ఎండ. ఫ్యాన్లన్నీ మిషన్లవైపు తిప్పి పెట్టేవారట, అవి వేడెక్కితే పాడవుతాయని. నీళ్ళ పంపు హాలుకి ఆ కొసన. లేచి వెళ్ళాలంటే సూపర్‌వైజరు తల ఊపాలి.

"కూర్చున్నది కూర్చున్నట్టే బెల్టు మీదకి వాలిపోయింది. జడ రోలరు కిందకి పోతోంది. సూపర్‌వైజరేమో 'బెల్టు ఆపొద్దు, మనిషిని లాగండి' అంటాడు. లాగితే జడ వస్తుందా, తల వస్తుందా?"

"మరి నువ్వేం చేశావు?"

"ఎర్ర మీట నొక్కేశా."

ఆ మీట ముట్టుకునే అధికారం సూపర్‌వైజరుకు తప్ప ఎవరికీ లేదట. బెల్టు ఆగేసరికి వెనకనుంచి వచ్చే సీసాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి భళ్ళున పగిలిపోయాయి. మేనేజరు పరిగెత్తుకొచ్చి, "ఆ గాజు చూశావా?" అని అరిచాడట. "మీరు పొడుగక్క తల చూశారా?" అందట ఈవిడ.

మా అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "అంత మాటే! మేనేజరుతో!"

"మెల్లగానే అన్నాలేమ్మా."

మర్నాడు ఆమెను లైనులోంచి తీసి పెంకుల యార్డులో వేశారు. పగిలిన గాజంతా అక్కడ గుట్టలుగా పోసి ఉంటుంది. తెల్లది, ఆకుపచ్చది, గోధుమరంగుది వేరుచేస్తే మళ్ళీ కొలిమిలో వేసి కరిగిస్తారు. నీడ లేదు. గాజు మీద పడిన ఎండ మొహాన కొడుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు వెనక పెట్టుకుని కూర్చుంది. నేను చూపించమనలేదు. సంచులకని ఉంచిన ముతక గుడ్డ తీసి చేతి తొడుగులు కత్తిరించాను. జన్మలో ఎన్నడూ తొడుగులు కుట్టినవాణ్ణి కాదు. మొదటి జతకు బొటనవేలు చిటికెనవేలి పక్కకు వచ్చింది. అది తొడుక్కుని చూసి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. రెండో జత కుదిరింది. వారం తిరక్కుండానే యార్డులో వాళ్ళందరికీ నావే తొడుగులు.

పొడుగక్క ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. సగం ఊడిన జడను మొత్తంగా కత్తిరించేసుకుంది. అంత మనిషి మా గుమ్మం కింద వంగి లోపలికి వచ్చి, మా ఆవిడ పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుని, "ఇప్పుడేం చేద్దామే?" అంది.

"యూనియన్ పెడదాం."

"పెంకుల యార్డు చాల్లేదా నీకు?" అంది మా అత్త.

"నేనొక్కదాన్నే అడిగాను కాబట్టి యార్డులో వేశారు. అందరం అడిగితే ఎంతమందిని వేస్తారమ్మా? ఆ యార్డు పట్టదు."

ఆ మాట పొడుగక్కకి నచ్చింది. నాక్కూడా నచ్చింది గాని, పళ్ళ మధ్య గుండుసూదులు ఉండడంతో పైకి అనలేకపోయాను.

పొరుగూరి మిల్లుల్లో యూనియన్ నడిపే ఒక పెద్దాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి గేట్ల ముందు నినాదాలిచ్చి ఇచ్చి ఆయన గొంతు పోయింది. గుసగుసగా తప్ప మాట్లాడలేడు. రహస్యంగా మాట్లాడుకోవడానికి అంతకంటే తగిన మనిషి దొరకడు. సగానికి మించి మనుషులు కోరితే లేబర్ ఆఫీసరు వచ్చి ఓటింగు పెడతాడని, గెలిస్తే కంపెనీ కూర్చుని మాట్లాడక తప్పదని ఆయన చెప్పాడు. "అప్పటిదాకా మాత్రం" అని గుసగుసలాడాడు, "నోరు జాగ్రత్త."

ఎక్కడ కలవాలన్నది సమస్య అయింది. మా దుకాణమే దానికి దారి చూపింది. ఆడవాళ్ళు టైలరు దగ్గరికి వస్తే ఎవరడుగుతారు? నలుగురేసి, ఐదుగురేసి వచ్చేవారు. నేను మెడలో టేపు వేసుకుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని, గుడ్డ పరిచి ఊరికే గీతలు గీస్తుండేవాణ్ణి. మా ఆవిడ వెనక గది గుమ్మంలో కూర్చుని మాట్లాడేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా మాట్లాడగా నేను వినలేదు. అరిచేది కాదు. ఎవరన్నా భయపడుతూ ఏదైనా అంటే పూర్తిగా విని, "నాకూ అదే భయం" అని మొదలుపెట్టేది.

మా అత్తకు ఈ వ్యవహారం ససేమిరా గిట్టదు. "ఈ యూనియన్లూ గీనియన్లూ మన ఇంటికి తేవద్దు" అని రోజుకొకసారైనా అనేది. అంటూనే తన కుర్చీ తెచ్చి వీధి గుమ్మంలో వేసుకుంది. కంపెనీ మనుషులెవరైనా అటుగా వస్తే దగ్గాలని ఆమెకు అప్పగించాం. మొదటిరోజు కుక్కను చూసి దగ్గింది. పోస్టుమాన్‌ని చూసి దగ్గింది. చివరికి నిజంగానే దగ్గు పట్టుకుంది. అది తగ్గడానికి పట్టిన రెండు రోజులూ లోపల ఎవరూ నోరు విప్పలేదు.

ఎదురింటాయన నన్ను పట్టుకుని, "ఏంటయ్యా, నీ దశ తిరిగినట్టుందే! ఒకటే రద్దీ" అన్నాడు. నిజానికి ఆ నెలంతా కలిపి నేను కుట్టింది ఆ లావుపాటాయన కోటూ, తొడుగులూ, నాలుగు చొక్కాలూ.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు కారు ఆగింది. మా అత్త దగ్గడం మరిచిపోయి లేచి నిలబడింది. దిగింది మేనేజరు.

ఆ వేళకు దుకాణంలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన చుట్టూ చూసి, తగిలించి ఉన్న కోటు భుజం తడిమి, "పని శుభ్రంగా ఉందయ్యా" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. అబద్ధమెందుకు చెప్పాలి, నవ్వితే మంచి మనిషిలాగే ఉన్నాడు.

"మా వాళ్ళందరికీ యూనిఫారాలు కుట్టించాలనుకుంటున్నాం. పక్కనే నువ్వుండగా ఎక్కడికో పంపడం ఎందుకు? ఈ ఏడాదికే కాదు, ఏటా ఉంటుంది. ఇంకో రెండు మిషన్లు వేసుకోవచ్చు నువ్వు."

డ్రైవరు నీలం గుడ్డ తాన్లు ఒక్కొక్కటే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. బల్ల నిండిపోయింది.

"అంత పని చెయ్యాలంటే ఇల్లు ప్రశాంతంగా ఉండాలి కదా" అన్నాడు మేనేజరు. "మీ ఆవిడ తెలివైన మనిషి. ఆ ఎండలో ఎందుకు మాడడం? మళ్ళీ లైనులో కూర్చోబెడతాను. నువ్వొక మాట చెప్పి చూడు. తొందరేం లేదు, ఆలోచించుకో."

కారు వెళ్ళిపోయాక నేను ఆ గుడ్డ మీద చెయ్యి వేశాను. టైలరన్నవాడు మంచి గుడ్డ కనిపిస్తే చెయ్యి వేయకుండా ఉండలేడు. నేత గట్టిగా ఉంది. కత్తెరకు ఎదురుతిరిగే రకం కాదు. రెండు మిషన్లు ఎక్కడ వేయవచ్చో నా కళ్ళు వాటంతటవే కొలిచేశాయి. ఒకటి కిటికీ కింద. రెండోది, మా అత్త కుర్చీ జరిపితే, గుమ్మం పక్కన.

సాయంత్రం మా ఆవిడ రాగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని తుడుచుకుని, గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"మంచి గుడ్డే" అంది.

"ఏం చెయ్యమంటావు?"

"నీ దుకాణం, నీ ఇష్టం. నేను మీట నొక్కేముందు నిన్నడిగానా?"

"అడగలేదు. అదే కదా నా బాధ. అడిగి ఉంటే ఇప్పుడు నేనూ నీ మీదకి నెట్టేద్దును."

ఆమె నవ్వలేదు. అలిసిపోయి ఉంది. "నేను మాత్రం ఆపను" అని, స్నానానికి వెళ్ళిపోయింది.

"నోటి దగ్గరికొచ్చింది తోసేస్తావా అల్లుడూ?" అంది మా అత్త. "ఏటా పనట. ఏటా! దానికి నేను చెప్తాలే."

"వద్దత్తా. నువ్వు చెప్తే ఇంకా మొండికేస్తుంది."

తాన్లు బల్ల మీద అలాగే ఉన్నాయి. ఆ రోజూ కత్తెర పెట్టలేదు, మర్నాడూ పెట్టలేదు. పాంటు కత్తిరించాలన్నా నేల మీద కూర్చోవాల్సి వచ్చింది. ఈలోగా మేనేజరు కారు మా గుమ్మంలో ఆగిన సంగతి ఫ్యాక్టరీ అంతా పాకింది. ఆడవాళ్ళు రావడం తగ్గారు. వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే బల్లవైపు చూసి, "ఏదో పనుంది, మళ్ళీ వస్తా" అని వెనక్కి తిరిగేవారు. మా ఆవిడ ఎవరూ లేని గదిలోకి చూస్తూ కూర్చునేది. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

ఒకరోజు పొడుగక్క వచ్చింది. మా ఆవిడ ఇంకా పనినుంచి రాలేదు. ఆమె తాన్లను చూసింది, నన్ను చూసింది, స్టూలు మీద కూర్చోకుండా చేతులు రెండూ పక్కలకు చాచి నిలబడింది.

"తీసుకో అన్నా, కొలతలు."

"దేనికక్కా?"

"యూనిఫారానికి. నా పొడుక్కి గుడ్డ ఎక్కువ పడుతుంది. ముందే చూసుకుంటే మంచిది కదా."

ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతోంది. ఇంక అయిపోయింది, యూనిఫారమే మిగిలింది అనుకున్న మనిషిలా ఉంది. నేను మెడలోంచి టేపు తీసి చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయాను. తర్వాత చుట్టచుట్టి డ్రాయరులో పడేశాను.

"రేపు షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గరుంటావా అక్కా?"

"ఎక్కడికి పోతాను, అక్కడే ఉంటాను."

మర్నాడు ఎదురింటాయన తోపుడుబండి అడిగి తీసుకుని, తాన్లన్నీ అందులో వేసి తోసుకుంటూ వెళ్ళాను. షిఫ్టు దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. గేటు ముందు అందరూ ఉన్నారు. మా ఆవిడా ఉంది. వాచ్‌మాను తాన్లు దింపుకోనన్నాడు, తనకెవరూ చెప్పలేదన్నాడు. సరేనని, ఆయన కుర్చీ మీదే ఒకదాని మీద ఒకటి పేర్చాను.

"అయ్యగారు అడిగితే ఏం చెప్పను?" అన్నాడు వాచ్‌మాను.

"నా దగ్గర ఖాళీ లేదని చెప్పు. తొడుగుల పని ఉంది."

అంతే అన్నాను. ఖాళీ బండి తోసుకుంటూ ఇంటిదారి పట్టాను. వెనక అడుగులు వినపడ్డాయి. మా ఆవిడ వచ్చి, బండి రెండో పిడి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఇద్దరం కలిసే తోశాం. ఆ సాయంత్రం మా దుకాణంలో నిలబడడానికి చోటు లేదు.

సగానికి మించి మనుషులు కోరడంతో ఓటింగు ఖాయమైంది. అది తెలిసిన వారంలోనే మా ఆవిడను పనిలోంచి తీసేశారు. అనుమతి లేకుండా బెల్టు ఆపినందుకట. ఎండాకాలం మొదట్లో జరిగినదానికి ఇన్నాళ్ళకు కోపం వచ్చింది వాళ్ళకు. తీసేసినవాళ్ళకు ఓటు ఉండదు. ఆ గొడవ వేరే తేలాలి, దానికి వేరే ఆఫీసు. గొంతుపోయిన పెద్దాయన ఈ మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ నీళ్ళు తాగి, చివరికి చెప్పాడు.

"నా ఓటు లేకపోతే మిగతావి చెల్లుతాయా?" అని అడిగింది మా ఆవిడ.

"చెల్లుతాయమ్మా."

"అయితే చాలు."

మర్నాటినుంచి ఆమె గేటు ఎదురుగా రోడ్డుకు ఇవతల నిలబడడం మొదలుపెట్టింది. ప్రతి షిఫ్టుకూ. ఎండలో అలా నిలబడితే ఆమె కూడా పొడుగక్కలా పడిపోతుందేమోనని నాకు లోపల గుబులు. ఏదో ఒకటి చెప్పి ఇంటికి తీసుకొద్దామని బయల్దేరుతున్నాను. అంతలో మా అత్త చెప్పులు వేసుకుని ఎదురొచ్చింది.

"అల్లుడూ, గొడుగెక్కడ?"

"నీకెందుకత్తా, ఎక్కడికి?"

"నా కూతుర్ని రోడ్డు మీద నిలబెడతారా? వాళ్ళ సంగతేంటో చూస్తాను."

ఏం చూస్తుందో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసి ఉండదు. వెళ్ళి కూతురి పక్కన గొడుగు పట్టుకుని నిలబడింది. ఆరోజు మొదలు ఓటింగు దాకా తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద. చెయ్యి నొప్పెడితే రెండో చేతిలోకి మార్చుకునేదే గాని, కూతురికి ఇచ్చేది కాదు. గేటులోకి పనికి పోయే ఆడపిల్లల్ని, "ఏమ్మా, మంచినీళ్ళు తాగావా?" అని పేరుపేరునా అడిగేది. సూపర్‌వైజరు వస్తే మాత్రం ఖణేల్‌మని దగ్గేది.

ఓటింగు క్యాంటీనులో పెట్టారు. లేబర్ ఆఫీసరు పెట్టె పట్టుకుని జీపు దిగి లోపలికి వెళ్ళాడు. నేను దుకాణం మూసి గేటు దగ్గరికి వచ్చాను. లోపలికి వెళ్ళే ఆడవాళ్ళెవరూ మావైపు చూడలేదు. తలలు వంచుకుని గబగబా వెళ్ళిపోతున్నారు. గేటు లోపల సూపర్‌వైజర్లు వరసగా నిలబడి ఉన్నారు.

"ఒక్కరన్నా చూడలేదు" అంది మా ఆవిడ. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"చూస్తే ఎటు వేస్తున్నారో తెలిసిపోదూ?"

"అంతేనంటావా?"

"అంతే" అన్నాను. నాకేం తెలుసు?

లెక్కింపు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. రోడ్డు మీద మా నీడలు ఒక పక్కనుంచి రెండో పక్కకు మారాయి. ముందు మేనేజరు కారు బయటికి వచ్చి, మమ్మల్ని దాటి, ఆగకుండా వెళ్ళిపోయింది. గెలిచినవాడు అలా వెళ్తాడా, ఓడినవాడు అలా వెళ్తాడా అని నేను తర్జనభర్జన పడుతుండగా పొడుగక్క వచ్చింది. పరుగెత్తడం లేదు. మామూలుగా నడిచి రోడ్డు దాటింది. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాం.

"అక్కా, చెప్పవే" అంది మా ఆవిడ.

పొడుగక్క వంగి, ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"నీ ఓటు లేకపోయినా సరిపోయిందే పిల్లా. ఇంకా బోలెడు మిగిలాయి."

మా ఆవిడ ఉన్నచోటే, రోడ్డు అంచున మట్టిలో కూర్చుండిపోయింది. మా అత్త ఏం చెయ్యాలో తోచక గొడుగు మూసేసింది. అప్పటికి గేటులోంచి జనం బయటపడ్డారు. ఉదయం మావైపు చూడనివాళ్ళందరూ పరుగెత్తుకొచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. రోడ్డంతా నిండిపోయి, ఒక లారీ హారను కొట్టి కొట్టి, విసిగి ఇంజను ఆపేసుకుంది. నేను ఆ గుంపు బయట నిలబడి ఉన్నాను. ఎండాకాలమంతా ఊపిరి బిగబట్టి ఉన్నానని, వదిలాక గాని నాకు తెలియలేదు.

ఆ తర్వాత మాటలు కొన్నాళ్ళు సాగాయి. మేనేజరు బల్లకు అటు, మా ఆవిడా పొడుగక్కా పెద్దాయనా ఇటు. మొదటి వాన పడిన రోజున ఒప్పందం కుదిరింది. మనుషులవైపు ఫ్యాన్లు. లైను పక్కనే నీళ్ళు. యార్డు మీద కప్పు. మనిషి పడిపోతే బెల్టు ఎవరైనా ఆపవచ్చు. మా ఆవిడను పనిలోంచి తీసిన మాట రద్దు.

ఈ కబురు చెప్పడానికి ఆమె తడుస్తూ వచ్చింది. వెనక గదిలో మా అత్త చుట్టూ అప్పటికే వీధి వీధంతా చేరి ఉంది. మా అత్త గొడుగు పట్టిన కథ చెబుతోంది. మేం యూనియన్ పెట్టాం, మేం గెలిచాం అంటోంది. అక్కడ అడుగు పెట్టే సందు లేక మా ఆవిడ దుకాణంలోనే ఆగి, నాకు ఒక్కొక్కటీ చెప్పింది. చెబుతూ చెబుతూ బల్ల కిందకి చేరి, గుడ్డముక్కల మూటకు తల ఆనించింది.

"సోమవారం రమ్మన్నారు" అంది. "నా సీటులోనే."

నేనేదో అడిగాను. జవాబు రాలేదు. వంగి చూస్తే నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, అరచేతులు వెల్లకిలా వదిలేసి, చిన్నపిల్లలా ఒళ్ళు తెలియని నిద్ర. అలా పడుకోగా ఆమెను చూసి ఎన్నాళ్ళయిందో. మిషను చప్పుడవుతుందని కుట్టడం ఆపి, చేత్తో గుండీలు కుడుతూ కూర్చున్నాను.

అంతలో లావుపాటాయన వచ్చాడు. కోటు ఇంకా బిగువుగానే ఉందట. గుమ్మంలోనే గొడుగు దులుపుతూ, పెద్ద గొంతుతో మొదలుపెట్టబోతే నేను వేలు పెదవుల మీద పెట్టి, బల్ల కిందకు చూపించాను.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు కంగారుగా, గుసగుసగా.

"బాగుందండీ. చాలా బాగుంది."

ఆయన ఒక్కక్షణం చూసి, కోటు నా చేతికిచ్చి, "రేపొస్తాలే, లేపకు" అన్నాడు. చెప్పులు చప్పుడవుతాయని వాటిని చేత్తో పట్టుకుని, అంత మనిషీ మునివేళ్ళ మీద వానలోకి వెళ్ళిపోయాడు.